బాకీ ఎవరికి కట్టినట్టు?

పల్లెటూరి పాస్టరంటే ఆదివారం ప్రసంగం చెప్పి, మిగతా ఆరు రోజులూ పెళ్ళిళ్ళకూ చావులకూ ప్రార్థన చేసే మనిషని లోకం లెక్క. లెక్క తప్పేం కాదు గానీ, నా సర్వీసు మొత్తంలో అసలు పని ఎక్కువగా జరిగింది గుడి బయటే. అరుగుల మీద, ఆసుపత్రి వరండాల్లో, మిర్చి కల్లాల దగ్గర, ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కునే చోట. అక్కడ జనం అడిగేవి పైకి రకరకాలుగా ఉంటాయి. మా పిల్లాడికే ఎందుకిలా అయింది? మా ఆయన తాగీ తాగీ పోయాడు, ఆయన గతేంటి? ఇంట్లో ఇంత గొడవ పెట్టుకుని నేను ప్రభువు బల్ల తీసుకోవచ్చా? ఓపిగ్గా వింటే అన్నిటి అడుగునా ఒకటే ప్రశ్న. యేసుప్రభువు నా పాపాల కోసం చనిపోయాడన్నారు, సరే. ఇంకా నేను కట్టాల్సిందేమన్నా మిగిలిందా?

నేను లూథరన్ పాస్టరుని. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యరు నాటిన సంఘం మాది. 1927లో అది ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయింది. నేను పనిచేసిన పారిష్‌లు కొన్ని డెల్టాలో, కొన్ని పల్నాటి అంచుల్లో. ఒక్కో పారిష్‌లో నాలుగైదు ఊళ్ళు, ఒక్కో ఊరికీ ఒక సంఘం, కొన్నిచోట్ల ఇంకా ఒక ఉపదేశి. రక్షణ కేవలం కృపవల్ల, విశ్వాసం ద్వారా కలుగుతుందనేది మాకు ఉగ్గుపాలతో పోసిన బోధ. మా ముసలమ్మలు కూడా ఆ మాట నిద్రలో లేపి అడిగినా చెబుతారు. క్రీస్తు చనిపోయాడని వాళ్ళను నమ్మించడానికి నేనెప్పుడూ చెమటోడ్చలేదు. ఇక నువ్వు కట్టక్కర్లేదమ్మా అని నమ్మించడానికే తలప్రాణం తోకకొచ్చేది.

మా వైపు ఈ సంగతి చెప్పడానికి అందరికీ చేతికందే ఉపమానం అప్పు. కౌలుకు చేసేవాళ్ళ ఇళ్ళల్లో బైబిలు లేని ఇల్లు ఉండొచ్చు గానీ, ప్రామిసరీ నోటు తెలియని ఇల్లు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు మీద సంతకం, కాస్త కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు, మూడేళ్ళు నిండేలోపు నోటు తిరగరాయడం, ఇవన్నీ పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. పౌలు కూడా కొలస్సీ సంఘానికి రాస్తూ మన మీద ఉన్న రుణపత్రాన్ని దేవుడు కొట్టేసి సిలువకు మేకులతో దిగగొట్టాడనే అర్థంలోనే చెప్పాడు. కాబట్టి ప్రసంగంలో నోటు చించేశాడు అనగానే వెనక వరసలో కునికేవాళ్ళు కూడా తలెత్తుతారు. నేనూ చాలాకాలం అదే చెప్పాను, ఇప్పటికీ చెబుతాను.

అలా ఒకసారి ఒక ఇంట్లో కుటుంబ ప్రార్థన ముగిశాక, టీ గ్లాసులు వస్తుండగా సంఘపెద్ద ఒకాయన కండువా సర్దుకుని అడిగాడు. ఐదో తరగతితో బడి మానేసిన రైతు.

“అయ్యగారూ, బాకీ తీర్చాడన్నారు. ఎవరికి తీర్చాడండీ? సైతానుకా? వాడి దగ్గర మనమెప్పుడు తెచ్చుకున్నాం? దేవుడికే అంటారా, మరి సొంత కొడుకు దగ్గర వసూలు చేసుకున్నట్టు కాదా?”

ఆయన భార్య లోపల్నుంచి “పాస్టరు గారిని అలా అడుగుతారా” అని కసిరింది. నాకు మాత్రం సెమినరీలో చరిత్ర చెప్పిన మా మేష్టరు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టు అనిపించింది. ఎందుకంటే ఈ ప్రశ్న మీద నాలుగో శతాబ్దంలో ఇద్దరు స్నేహితులు చెరో మాట అన్నారు. ఇద్దరి పేరూ గ్రెగరీయే. నిస్సా బిషప్పుగా ఉన్న గ్రెగరీ, మనిషి సైతాను చెరలో ఉన్నాడు కాబట్టి విడుదల వెల సైతానుకే చెల్లిందన్నాడు. క్రీస్తు మానవత్వం ఎర, లోపల దైవత్వం గాలం. చేప మింగినట్టు మింగి సైతాను చిక్కాడని వర్ణించాడు. నాజియాంజస్ గ్రెగరీకి ఇది ససేమిరా గిట్టలేదు. దోపిడీదొంగకు అంత వెల కట్టడమా, సిగ్గుచేటు అన్నాడు. పోనీ తండ్రికి కట్టాడందామా అంటే, మనల్ని చెరపట్టింది తండ్రి కాదే అని తనే అడ్డుపడ్డాడు. మా రైతు అడిగిన రెండు కొసలూ సరిగ్గా అవే.

తమాషా ఏమిటంటే, క్రీస్తు ఎవరు అన్న ప్రశ్నకు 325లో నికయలోనూ 451లో కల్కెదోనులోనూ మహాసభలు కూర్చుని మాట ఖాయం చేశాయి. ఆయన మరణం మనల్ని ఎలా రక్షించింది అన్నదానికి మాత్రం, ఇదొక్కటే వివరణ, ఇది తప్ప ఇంకోటి చెప్పకూడదు అని ఏ సార్వత్రిక సభా తీర్మానించలేదు. రక్షించిందని అందరూ ఒప్పుకున్నారు. ఎలాగన్నది ఎవరి కాలంలో వాళ్ళు తమకు తెలిసిన లోకంతో చెప్పుకున్నారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్ము 1098లో దేవుడు ఎందుకు మనిషయ్యాడని ఒక పుస్తకం పూర్తిచేశాడు. ఆయన చుట్టూ ఉన్నది దొరల, సామంతుల లోకం. అందుకే పాపమంటే దొర గౌరవాన్ని ఎగ్గొట్టడం, దాన్ని మనిషే తీర్చాలి గానీ దేవుడికి తప్ప ఎవరికీ తీర్చే శక్తి లేదు అన్నాడు. తర్వాతి తరంలో అబెలార్డుకు ఈ లెక్కాడొక్కా నచ్చలేదు. సిలువ మీద కనబడిన ప్రేమే మన రాతిగుండెను కరిగించి దేవుడివైపు తిప్పుతుందన్నాడు. ఇంకో నాలుగు వందల ఏళ్ళకు కాల్విను వచ్చాడు. ఆయన లా చదివినవాడు. ఆయన రాతల్లో న్యాయస్థానం, తీర్పు, శిక్ష, మన బదులు ఆ శిక్ష భరించినవాడు. కల్లాల్లో తిరిగే నాకు ప్రామిసరీ నోటు దొరికిందంటే తప్పేముంది?

ఆ రాత్రి రైతుతో ఇదంతా చెప్పలేదు. టీ చల్లారిపోతుంది. తిరిగి ఆయన్నే అడిగాను.

“మీకు ఎవరో పాతికవేలు బాకీ. వాడు కట్టలేడని తేలిపోయింది. మీరే నోటు చించేశారనుకోండి. ఆ పాతికవేలు ఎక్కడికి పోయినట్టు?”

“ఎక్కడికి పోద్దండీ, చించినోడి నెత్తినే.”

“అంతే. మీ నష్టాన్ని మీరే మింగారు. ఎవరికీ కట్టినట్టు కాదు, కట్టకుండా పోయినట్టూ కాదు.”

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే కొడుకు వేరే మనిషి కాదన్నమాట” అన్నాడు.

నా ఉద్దేశంలో సామాన్య విశ్వాసికి చెప్పాల్సినదాంట్లో ముప్పాతిక వంతు ఆ మాటలోనే ఉంది. త్రిత్వం వదిలేసి సిలువను చెబితే కథ వికారంగా మారుతుంది. ఉజ్జీవ సభల్లో నేను విన్న కొన్ని ప్రసంగాల్లో తండ్రి కోపంతో కత్తి ఎత్తి నిలబడతాడు, కొడుకు అడ్డంపడి మనల్ని తండ్రి నుంచే కాపాడతాడు. కీబోర్డు సన్నగా మోగుతూంటుంది, ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తారు, కానుకల సంచీ నిండుతుంది. ఇంటికి వెళ్ళాక పిల్లలకు మిగిలేది యేసుప్రభువంటే ఇష్టం, దేవుడంటే భయం. పౌలు చెప్పింది ఇది కాదు. క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నది దేవుడేనని ఆయన కొరింథువారికి రాశాడు. దేవుడి కోపం లేదని నేననను. అన్యాయం చూసి కోపం రాని దేవుడితో మా వాడల్లో ఎవరికీ పనిలేదు. కానీ ఆ కోపానికీ, దాని ఖర్చు భరించినదానికీ ఇద్దరు వేర్వేరు ఆసాములు లేరు.

ఇదే సంగతి పిల్లలు ఇంకోవైపు నుంచి అడుగుతారు. మాకు కన్ఫర్మేషన్ తరగతులుంటాయి. లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి కంఠస్థం చేయిస్తాం. చిలకల్లా అప్పజెప్పే పిల్లల మధ్య ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి లేచింది. “దేవుడు ఊరికే క్షమించకూడదా అండీ? మా అమ్మ ఊరికేనే క్షమిస్తుందిగా.” పదహారో శతాబ్దం చివర ఇటలీకి చెందిన సోసీనస్ పెద్ద పుస్తకమే రాసి అడిగింది ఇదే: క్షమిస్తే చెల్లింపు ఎందుకు, చెల్లిస్తే అది క్షమాపణ ఎలా అవుతుంది? నేను ఆ అమ్మాయిని, మీ అమ్మ నిజంగా ఊరికేనే క్షమిస్తుందా, ఇంటికెళ్ళి అడిగి రమ్మన్నాను. మరుసటి వారం వచ్చి, “రాత్రంతా నిద్ర పట్టదంటండీ” అంది. పుస్తకాల్లో ఇంతకన్నా మంచి జవాబు నాకింకా కనబడలేదు.

ఇక బల్ల సంగతి. మా ఆరాధన క్రమం మొదట్లోనే పాపాల ఒప్పుకోలు ఉంటుంది. అందరూ కలిసి ఒప్పుకుంటారు, పాస్టరు నిలబడి క్షమాపణ ప్రకటిస్తాడు. నెలకో ఆదివారం చివర్లో సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం. మేం బల్ల అనేది దీన్నే. ప్రసంగం అయిపోయి కానుకల కీర్తన ఎత్తుకున్నాక నేను బల్ల మీది గుడ్డ తీస్తూ ఓరకంట గుమ్మం వైపు చూసేవాణ్ణి. సన్నగా జారుకునేవాళ్ళు అప్పుడే జారుకుంటారు. పిల్లాడు ఏడుస్తున్నాడని ఒకామె. గేదెకు మేత వేయాలని ఒకాయన. శనివారం రాత్రి తాగినాయన, కుళాయి దగ్గర తోడికోడలితో తగువు పడ్డామె, వేరే కులం అబ్బాయిని చేసుకున్న పిల్ల తల్లి. అంతకు గంట క్రితమే వీళ్ళకు నా నోటితో క్షమాపణ ప్రకటించాను. వాళ్ళు దాన్ని పక్కవాళ్ళకు అన్నట్టు విన్నారు. అపాత్రంగా తిని తాగితే శిక్ష అనే పౌలు హెచ్చరిక మాత్రం తమకే అన్నట్టు విన్నారు. కొరింథులో డబ్బున్నవాళ్ళు ముందే వచ్చి తినేసి, ఆలస్యంగా వచ్చే కూలివాళ్ళను పస్తుంచితే ఆయన తిట్టిన తిట్టు అది. మా దగ్గరకొచ్చేసరికి ఆ కూలివాళ్ళే భయపడి లేచిపోతున్నారు.

అలా లేచిపోయేవాళ్ళ ఇళ్ళకు సోమవారం వెళ్ళడం నా అలవాటు. ఒక ముసలమ్మ ఏళ్ళ తరబడి బల్ల ముట్టలేదు. కారణం ఎవరికీ తెలియదు. కోత పండుగకు మాత్రం ఏటా మంచి పుంజును తెచ్చేది. మా కోత పండుగ చూసినవాళ్ళకు తెలుసు: గుడి ముందు గుమ్మడికాయలు, ధాన్యం బస్తాలు, అరటి గెలలు, కోళ్ళు, కొబ్బరికాయలు గుట్టగా పోసి ఆరాధన తర్వాత వేలం వేస్తారు. వేలం పాడేవాడు హాస్యగాడైతే ఒక్క నిమ్మకాయ కూడా ఐదొందలకు పోతుంది. ఈమె పుంజు వేలానికి వచ్చినప్పుడు ఆమె మొహం నేను చూశాను. పాట పెరిగినకొద్దీ ఆ మొహంలో ఏదో బరువు తగ్గుతున్నట్టుండేది. తక్కువకు కొట్టేస్తే ఆ సాయంత్రం ముభావంగా ఉండేది.

చివరికి ఒకరోజు చెప్పింది. అత్త మంచాన పడి ఉన్న రోజుల్లో అన్నం అడిగితే, కోపంలో ఒక పూట పెట్టలేదట. ఆ రాత్రే అత్త పోయింది. అప్పట్నుంచి ఈ పుంజులు.

పుంజును కృతజ్ఞతగా ఇవ్వమ్మా, దేవుడికి సంతోషమే, ఆ పూటకు మాత్రం అది చెల్లు కాదు. ఆ పూటను ప్రభువు ఎప్పుడో తన మీద వేసుకున్నాడు అని చెప్పాను.

“మరి నన్నేం చెయ్యమంటారు?”

“ఏమీ వద్దమ్మా. వచ్చి చెయ్యి చాపు.”

ఆమెకు ఊరట కలుగుతుందనుకునేరు. కోపమొచ్చింది. “ఏం చెయ్యకుండా ఎట్టా పోద్దయ్యా అది? మా అత్తంటే అంత లోకువా మీకు?” అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ కోపం నాకు గౌరవంగానే తోచింది. తప్పు జరిగిన మనిషికి విలువుందని ఆమె వాదన. ఆన్సెల్ము కూడా, పాపం ఎంత బరువైనదో నువ్వింకా తూచి చూడలేదని తన శిష్యుణ్ణి మందలించింది అందుకే. ఊరికే పోయింది అంటే అత్త ఆకలి ఊరికే పోయినట్టు. ఊరికే పోలేదు, దేవుడి ప్రాణం ఖర్చయింది అని చెబితేనే ఆ ముసలమ్మకు న్యాయం. దాన్ని ఆమెకు ఎక్కించడం నావల్ల కాలేదు. నాకు బదిలీ అయ్యాక వచ్చిన కుర్ర పాస్టరు దగ్గర బల్ల తీసుకుందని తర్వాత విన్నాను. ఏం చెప్పావయ్యా అని అడిగితే, నేనేం చెప్పలేదండీ, రొట్టె పళ్ళెం ఆమె ముందు కాసేపు ఎక్కువ ఆపాను అన్నాడు.

సంస్కరణ ఆదివారం నాడు మేము 1517 తలచుకుంటాం. పాపవిముక్తి పత్రాల అమ్మకం మీద లూథరు తొంభై ఐదు వాదాలతో ఎలా విరుచుకుపడ్డాడో ఆవేశంగా చెబుతాం. పిమ్మట అదే గుళ్ళో కోత పండుగ నాడు పుంజుల పద్దు నడుస్తుంది. గుణదల కొండ మీద తలనీలాలిచ్చే క్యాథలిక్ అక్కను ఏమన్నా అనే హక్కు మాకు లేదు. పైవాళ్ళు ఎప్పుడో రాజీపడ్డారు కూడా. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోము సంఘం కలిసి, మనిషి నీతిమంతుడిగా ఎంచబడేది కృపవల్లనేనని ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మా పక్క ఊరి ఫాదరుగారూ నేనూ ఆ కాగితం గురించి ఒక సాయంత్రం మాట్లాడుకుని, మన జనానికి ఇది చెప్పేదెవరు అని నవ్వుకున్నాం.

రెండో రకం జనం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. చీటీలు కట్టించుకుని పరారైన ఒకాయన కొన్నేళ్ళకు మారుమనస్సు పొంది తిరిగొచ్చాడు. కూడికలో మైకు పట్టుకుని, నా పాపాలన్నీ ప్రభువు కడిగేశాడని కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పాడు. ముందు వరసలో ఆయన చీటీలో మునిగిన ఇద్దరు విధవరాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆమెన్ అనమని వాళ్ళనెవరూ అడగలేదు గానీ, అనకపోతే బాగుండదన్నట్టు అందరూ వాళ్ళవైపు చూశారు. సాక్ష్యం అయ్యాక నేను ఆయన్ని పక్కకు పిలిచి జక్కయ్య కథ చదవమన్నాను. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజునే అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అది రక్షణకు ధర కట్టడం కాదు, ఇంట్లోకి రక్షణ వచ్చిందనడానికి ఆనవాలు. దేవుడి క్షమాపణను పొరుగువాడికి చూపించే రశీదుగా వాడుకోవడం కుదరదు. “అయ్యగారు ధర్మశాస్త్రం బోధిస్తున్నారు” అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

డబ్బు దగ్గరే ఇంత ఇబ్బందైతే, రక్తం దగ్గర? డెల్టాలో పనిచేసే ఏ పాస్టరూ చుండూరును దాటుకుని క్షమాపణ గురించి మాట్లాడలేడు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు ముద్దాయిలందర్నీ విడుదల చేసింది. ఆ తీర్పు వచ్చిన వారం మా సంఘంలో ఒక రిటైర్డు టీచరుగారు అడిగారు: “చంపినవాళ్ళ పాపం కూడా ప్రభువే మోశాడంటారు. మోసేస్తే ఇక మాకేం మిగిలింది?”

మనం మామూలుగా చెప్పే ప్రాయశ్చిత్త బోధ తప్పు చేసినవాడి వైపు నుంచి మొదలవుతుంది: నువ్వు దోషివి, నీ దోషం తీరింది. తప్పు చేయించుకున్నవాడికి ఈ మొదలే అవమానం. మా తాతముత్తాతలు క్రీస్తును నమ్మినప్పుడు వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది పాపక్షమాపణ ఒక్కదాన్నేనా? ఒంగోలులో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటికోసం చేరారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మాలయ్యాయి. ఎక్కువమంది మాదిగలు. ముట్టుకుంటే మైలనే లోకం నుంచి, తాము మనుషులమనే లోకంలోకి వాళ్ళు ఆ నీళ్ళలో దిగారు. అదీ రక్షణే. వినుకొండ బిడ్డ, కవి జాషువా క్రైస్తవ ఇంట పుట్టినవాడే. తన కావ్యంలో ఆయన గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి పంపించింది పాపాల ఒప్పుకోలు కాదు, ఫిర్యాదు.

టీచరుగారికి నేను చెప్పింది ఇంతే. ప్రభువును చంపిందీ కోర్టే. సాక్షులు తారుమారైన కోర్టు. చంపింది ఊరి గవిని బయట. మన పల్లెలు ఉన్న చోటే. మోసినవాడు ముందు మీ పక్కన పడి ఉన్నాడు, ఆ తర్వాతే వాళ్ళ పాపం సంగతి. ఆయన లేచాడంటే ఆ తీర్పు కొట్టేసినట్టు. పై కోర్టు ఇంకా ఉన్నట్టు. క్షమించమని మిమ్మల్ని నేను అడగను, అది అడిగే అర్హత చచ్చినవాడికి తప్ప ఎవరికీ లేదు. ఆయన ఒప్పుకున్నారో లేదో తెలియదు. తర్వాతి ఆదివారం పాత నిబంధన పాఠం తనే చదువుతానన్నారు. ఆమోసు తీశారు.

అప్పు ఉపమానాన్ని నేను జేబులోంచి తీయని రోజు ఒకటుంది. కౌలు రైతు ఒకాయన పత్తి పోయి, పురుగుమందు తాగాడు. గుళ్ళోకి పెట్టె తీసుకురాకూడదని ఇద్దరు పెద్దలు, ఆత్మహత్య చేసుకున్నవాడికి రక్షణ లేదని ఇంకొకాయన. బాప్తిస్మం పొందిన మనిషి, ఆయన్ని పట్టుకున్నది ప్రభువు, చివరి పది నిమిషాల్లో ఆయన పట్టు సడలితే ప్రభువు పట్టు సడలదు అని చెప్పి పెట్టె లోపల పెట్టించాను. ఇల్లు ఇరుకు కాబట్టి షామియానా కింద జనం. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో నోట్లున్నవాళ్ళు కూడా కూర్చుని ఉన్నారు. భూస్థాపనకు మర్యాదగానే వచ్చారు. వాళ్ళ ముందు నిలబడి ప్రభువు మన బాకీ తీర్చాడని ఏ నోటితో చెప్పను?

తర్వాత స్వీడన్‌లో బిషప్పు అయిన గుస్తాఫ్ ఔలెన్ 1930లో అచ్చువేసిన ఉపన్యాసాలు నేను విద్యార్థిగా ఉన్నప్పుడు చదివాను. సంఘపు పాత బోధ లెక్కలది కాదు, యుద్ధానిది. పాపం, మరణం, సైతాను అనే దౌర్జన్యపరుల మీద క్రీస్తు గెలిచి మనల్ని విడిపించాడన్నదే దాని వెన్నెముక అని ఆయన వాదన. చరిత్రను కాస్త సాపు చేశాడని పండితులు తప్పుపట్టారు. పట్టనీ, ఆ రోజు నాకు ఆ పుస్తకమే అక్కరకొచ్చింది. ఈయన్ని చంపిందేదో దాని మీద ప్రభువు గెలిచాడు, ఈయన ఇప్పుడు దాని చేతిలో లేడు అని చెప్పాను. ఆ వసంతంలో ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనకు, అంతకుముందు రోజే సున్నం కొట్టిన ఆయన సమాధి మీద పిల్లలు కొవ్వొత్తులు నిలబెట్టారు. బాకీలేమయ్యాయని అడుగుతారేమో. నోటు ఎవరూ చించలేదు. ఒకరిద్దరు వడ్డీ వదిలారు. అసలు పెద్దకొడుకు కట్టాడు.

ఇప్పుడు రిటైరయ్యాను. గుడ్ ఫ్రైడేకు మాత్రం పిలుస్తారు. పన్నెండు నుంచి మూడింటిదాకా సిలువ మీది ఏడు మాటలు, ఏడుగురు బోధకులు, ఎండ మాడ్చేస్తూంటుంది, ఎక్కువమంది ఉపవాసం. కుర్ర పాస్టర్లందరికీ రెండో మాట కావాలి, దొంగ కథ కాబట్టి చెప్పడం తేలిక. నాకు నాలుగోది ఇమ్మని ముందే ఫోన్ చేసి చెబుతాను. తండ్రి తనను ఎందుకు విడిచాడని కొడుకు కేక వేసిన మాట అది. అక్కడే తండ్రి వేరు, కొడుకు వేరు అనే కథ చెప్పాలనే శోధన వస్తుంది. పోయినేడు నా ముందు మాట్లాడినాయన సమయం దాటించాడు, నాకు పది నిమిషాలే మిగిలాయి. చరిత్ర అంతా వదిలేసి, ఆ విడిచిపెట్టబడిన చోటులో కూడా దేవుడే ఉన్నాడు, అక్కడికి దిగినవాడు దేవుడే అని మాత్రం చెప్పేసరికి గంట కొట్టారు. నోటు సంగతి అడిగిన రైతు రెండో బెంచీలో ఉన్నాడు, ఇప్పుడు కర్ర పట్టుకు నడుస్తున్నాడు. నేను దిగి ఆయన పక్కన కూర్చుంటే, “ఈసారి గొంతు సరిగ్గా వినబళ్ళా, మైకు దగ్గర పెట్టుకోండి” అన్నాడు. ఐదో మాట చెప్పే పాస్టరు లేచాడు. అది దాహం మాట. అప్పటికే సండే స్కూలు పిల్లలు సగం మంది వెనక తలుపు దగ్గరున్న కుండ చుట్టూ చేరి ఉన్నారు.